చర్మం, చర్మవ్యాధులు: తికమక పెట్టే బిట్లు

శరీరంలో అతి పెద్ద అవయవం చర్మం. దీని అధ్యయనం డెర్మటాలజీ. రంగునిచ్చేది మెలనిన్. దాన్ని తయారుచేసే మెలనోసైట్లు నశిస్తే బొల్లి. ఇది అంటువ్యాధి కాదు. పుట్టుకతోనే మెలనిన్ లోపిస్తే ఆల్బినిజం. రెంటినీ కలపొద్దు.

తామరకు కారణం శిలీంధ్రం. ఇంగ్లిషు పేరు రింగ్‌వార్మ్ చూసి పురుగు అని పెడితే మార్కు పోయినట్టే. గజ్జికి మైట్. పెల్లాగ్రా: నియాసిన్ (బి3) లోపం.

కుష్ఠు మీద ఎక్కువ దృష్టి పెట్టండి. కారకం మైకోబాక్టీరియం లెప్రే. 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ కనుగొన్నాడు. పాలిపోయిన మచ్చను దూదిపోగుతో తాకినా స్పర్శ తెలియకపోవడం ముఖ్య లక్షణం. చికిత్స ఎండీటీ (బహుళ ఔషధ చికిత్స): రిఫాంపిసిన్, డాప్సోన్, క్లోఫాజిమైన్. జాతీయ కుష్ఠు నిర్మూలన కార్యక్రమం: 1983. ప్రపంచ కుష్ఠు దినం జనవరి చివరి ఆదివారం. మన దేశంలో మాత్రం గాంధీజీ వర్ధంతి, జనవరి 30.