తంబురా వదలని తీజన్ బాయి

మన ఊళ్ళలో బుర్రకథ మీరు చూసే ఉంటారు. కథ చెప్పేవాళ్ళు భుజాన తంబురా పెట్టుకుంటారు. పక్కనున్న వంతలు తందాన తాన అంటారు. ఛత్తీస్‌గఢ్‌లో కూడా ఇలాంటి కళ ఒకటి ఉంది. దాని పేరు పండవానీ. అంటే పాండవుల కథ.

ఆ రాష్ట్రంలో భిలాయి పెద్ద ఊరు. అక్కడ ఉక్కు ఫ్యాక్టరీ ఉంది. దానికి దగ్గరలో గనియారీ అనే పల్లె. 1956లో తీజన్ బాయి ఆ పల్లెలో పుట్టింది. వాళ్ళది పార్ధీ తెగ. బీద కుటుంబం. ఐదుగురు పిల్లల్లో ఈమె పెద్దది. బడికి పోలేదు.

తాత బ్రిజ్‌లాల్ భారతం పాడేవాడు. పిల్ల చెవి ఒగ్గి వినేది. వినీ వినీ కథంతా నోటికి వచ్చేసింది. పదమూడో ఏట పక్క ఊళ్ళో మొదటిసారి నలుగురి ముందు పాడింది. 10 రూపాయలు ఇచ్చారు.

గొడవ కూడా మొదలయింది. ఆ రోజుల్లో ఆడవాళ్ళు పండవానీ పాడితే కూర్చునే పాడాలి. నిలబడి, అడుగులు వేస్తూ చెప్పడం మగవాళ్ళ పద్ధతి. తీజన్ లేచి నిలబడింది. భీముడి కోపం కూర్చుని ఎలా చూపిస్తారు, మీరే చెప్పండి!

ఆడపిల్ల పాటలు పాడుతోందని కులంవాళ్ళు వెలి వేశారు. అప్పటికే ఆమెకు పన్నెండేళ్ళకే పెళ్ళి చేసేశారు. ఆమె అత్తగారింటికి పోలేదు. చిన్న గుడిసె కట్టుకుని ఒంటరిగా ఉంది. గిన్నెలు, తిండిగింజలు ఇరుగుపొరుగును అడిగి తెచ్చుకుంది. పాట మాత్రం మానలేదు.

ఆమె చేతిలో తంబురా ఉండేది. దానికి నెమలి ఈకలు కట్టి ఉండేవి. కథ నడుస్తుంటే ఆ తంబురాయే భీముడి గద. కాసేపటికి అదే అర్జునుడి విల్లు. ద్రౌపది జుట్టు కూడా అదే. పెద్ద గొంతుతో ఆమె గర్జిస్తే జనం ఉలిక్కిపడేవారు.

నాటకాలు వేసే హబీబ్ తన్వీర్ ఆమె పాట విన్నాడు. ఆమెను పెద్ద వేదికల మీదికి తెచ్చాడు. ఇందిరాగాంధీ ముందు పాడింది. విదేశాలకు వెళ్ళింది. భిలాయి ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం కూడా చేసింది. జీతం వస్తోంది కదా అని తంబురా అటక ఎక్కించలేదు. ఉద్యోగమూ చేసింది, ఊరూరా పాడింది. తన దగ్గరికి వచ్చినవాళ్ళకు నేర్పింది.

2003లో పద్మభూషణ్ వచ్చింది. 2018లో జపాన్‌లోని ఫుకువోకా నగరం బహుమతి ఇచ్చింది. 2019లో పద్మవిభూషణ్ వచ్చింది. అప్పటికి ఆమెకు అరవై దాటాయి. 10 రూపాయల పాట పాడి యాభై ఏళ్ళు అయింది.

చెప్పండి, రాయండి

తీజన్‌ను కులంవాళ్ళు ఎందుకు వెలి వేశారు?

మీ అమ్మ దగ్గరో, అమ్మమ్మ దగ్గరో నేర్చుకున్న పాట ఏదైనా ఉందా? ఇప్పుడూ పాడుతున్నారా? మానేస్తే, ఎప్పుడు మానేశారు? ఎందుకని?

ఆ పాటలో గుర్తున్నంత మీ నోటుబుక్కులో రాయండి. మరచిన చోట ఖాళీ వదలండి. తెలిసినవాళ్ళను అడిగి ఆ ఖాళీ నింపండి.