పదవ తరగతి పిమ్మట ఏ చదువు?

పదవ తరగతి పరీక్షలు ముగియగానే మన గ్రామములలో ఒక ప్రశ్న తరచు వినవచ్చును: "అబ్బాయిని ఎందులో చేర్చుచున్నారు?" ఈ ప్రశ్న తండ్రిని అడుగుదురే గాని, ప్రక్కనే నిలుచున్న అబ్బాయిని ఎవ్వరును అడుగరు.

పదునైదవ యేట ఇంటర్మీడియట్ గ్రూపును ఎన్నుకొనుటతోనే సగము దారి నిర్ణయమైపోవును. గణితమును విడిచినవానికి ఇంజనీరింగు చదువులో చాలభాగము అందదు. జీవశాస్త్రమును విడిచినవానికి వైద్య విద్యయు, వ్యవసాయ పట్టభద్ర విద్యయు సాధారణముగా దూరమగును. ఇది తెలియక, పొరుగింటివారిని చూచి, పంటమీద అప్పు తెచ్చి పిల్లలను విజయవాడ హాస్టళ్ళకు పంపు తలిదండ్రులు ఎందరో కలరు. ఇష్టము లేని చదువు నడుమ ఆగినచో అప్పు మాత్రము ఆగదు.

అభిరుచిని కనుగొనుట కష్టము కాదు. ఎవరును చెప్పకయే పిల్లవాడు మరల మరల దేని దగ్గరకు పోవుచున్నాడో గమనించిన చాలును. నాగాయలంక ప్రాంతమున తండ్రివెంట చెరువు గట్టుకు పోయి, తెల్లవారుజామున రొయ్యలు నీటిపైకి తేలుట చూచి "ఎందుకు?" అని అడుగు పిల్లవాడు ఒకడు. అచటనే మోటారును విప్పి బిగించువాడు మరియొకడు. ఇద్దరిని ఒకే గ్రూపులో చేర్చుట న్యాయమా? మొదటివానికి భావదేవరపల్లిలోనే మత్స్య పాలిటెక్నిక్ కలదు. పదవ తరగతి పిమ్మట రెండేండ్ల డిప్లొమా అచట చదువవచ్చును. ఈ సంస్థ ఉన్నదని తెలియనివారు దివిసీమలోనే కలరు!

చేతిపని చదువుకంటె తక్కువ యను భావము మన పెద్దలకు లేదు. 1910లో బందరున ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పిన కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య గారలు పుస్తక విద్యతోపాటు చేతిపనులకును స్థానమిచ్చిరి. గుడివాడ చెంత రామాపురములో జన్మించిన అక్కినేని నాగేశ్వరరావుగారి నాటకాసక్తిని గుర్తించి ప్రోత్సహించినది ఆయన తల్లి పున్నమ్మగారు. అందుచేత పిల్లలను బడి మాన్పింపుడని మేము చెప్పుట లేదు. బడిచదువు అంతగా లేని ఆ నటుడే గుడివాడ కళాశాలకు విరాళమిచ్చెను. నేడది ఆయన పేరనే నడచుచున్నది.

పంచాయతీ సభ్యులు జనవరిలోనే ఒక ఆదివారము తలిదండ్రులను, పిల్లలను ఒకచోట కూర్చుండబెట్టవలెను. ప్రధానోపాధ్యాయుని, బందరు, గుడివాడ కళాశాలలలో చదువుచున్న మన ఊరి యువకులను పిలువవలెను. మొదట పిల్లలను మాటలాడనిండు. కుల, ఆదాయ ధ్రువపత్రములను ముందే సిద్ధము చేయించుట మరువరాదు. వ్యవసాయ పట్టభద్ర విద్యలో రైతుబిడ్డలకు ప్రత్యేక కోటా కలదు. దానికి పురపాలక పరిధి వెలుపల చదివిన సంవత్సరములను లెక్కింతురు గనుక, చిన్నతరగతులలోనే పిల్లవానిని పట్టణమునకు పంపు తండ్రికి ఈ మాట ముందుగా చెప్పవలెను.

ఆడపిల్లల సంగతి వేరు. వారి గ్రూపును పలుమార్లు సాయంకాలపు చివరి బస్సే నిర్ణయించుచున్నది. 2025 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రమున పల్లెవెలుగు బస్సులలో స్త్రీలకు ప్రయాణము ఉచితమైనది. కాని బస్సే రాని ఊరికి ఆ సౌకర్యము చేరదు. అట్టి ఊరి పంచాయతీ తీర్మానము చేసి, కళాశాల విడుచు వేళను స్పష్టముగా వ్రాసి, అవనిగడ్డ, గుడివాడ, మచిలీపట్నము డిపోలలో తమకు దగ్గరగా నున్న డిపో మేనేజరుకు జూన్ నెలకు పూర్వమే పంపవలెను.