కప్పు మీద అభిమాని బొమ్మ

ప్రశ్న: ఒమాన్‌లోని సీబ్‌లో చిన్న టీ కొట్టు నడుపుతున్నాను. మా కప్పుల మీద వేయడానికి బొమ్మలు గీసి పంపమని ఇన్‌స్టాలో అడిగితే గిరాకీ పెరుగుతుందా?

జవాబు: పెరగొచ్చండీ, కానీ గెలిచిన బొమ్మ నిజంగా కప్పు మీదికి ఎక్కాలి. 2014లో స్టార్‌బక్స్ తన తెల్ల కప్పుల మీద బొమ్మలు వేసి ఫొటోలు పెట్టమంది. మూడు వారాల్లో దాదాపు 4,000 వచ్చాయి. గెలిచిన డిజైన్‌ను మళ్లీ మళ్లీ వాడుకునే ప్లాస్టిక్ కప్పు మీద అచ్చు వేసి అమ్మింది. గీసినవాళ్లే తమ బొమ్మను పదిమందికీ చూపించుకుంటారు, అసలు ప్రచారం అదే.

డబ్బు సంగతి ముందే రాయండి. లెగో సంస్థ అభిమాని ఊహకు 10,000 మంది మద్దతు వస్తే పరిశీలిస్తుంది, సెట్‌గా తెస్తే నికర అమ్మకాల్లో 1 శాతం ఇస్తుంది. పేరొస్తుంది కదా అని ఊరికే గీయించుకోవడం అన్యాయం. వచ్చిన బొమ్మలన్నీ మావే అనే షరతు అసలే వద్దు. ఒమాన్ 65/2008 రాజశాసనం గీసినవారి హక్కును కాపాడుతుంది, కాబట్టి గెలిచిన బొమ్మకు మాత్రమే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఖంజర్ (బాకు), రెండు కత్తుల రాజచిహ్నం ఉన్న బొమ్మల జోలికి పోకండి. బహుమతి ప్రకటించేముందు వాణిజ్య మంత్రిత్వ శాఖలో అనుమతి గురించి కనుక్కోండి.

పిలుపును అరబ్బీలోనూ రాయించండి. మన తెలుగువాళ్లు ఎలాగూ వస్తారు, సీబ్ సూక్ (బజారు)కి వచ్చే ఒమానీ కుటుంబాలూ రావాలి కదా.