ఫొటోలు ఎక్కుతున్నాయి, పెళ్లి వీడియో ఎక్కడం లేదు!

ప్రశ్న: మాది వరంగల్. ఉద్యోగరీత్యా సూరత్ దగ్గర హజీరాలో ఉంటున్నాం. వైఫై రౌటర్‌కు హార్డ్ డిస్క్ తగిలించి ఇంటిల్లిపాది ఫైళ్లూ అందులో దాస్తున్నాం. ఫొటోలు బాగానే ఎక్కుతున్నాయి. 7 జీబీ ఉన్న చెల్లి పెళ్లి వీడియో మాత్రం ఎర్రర్ చూపిస్తోంది. సగానికి పైగా ఖాళీ ఉంది. డిస్క్ పాడైందంటారా?

జవాబు: కంగారు పడకండి. మీ డిస్క్ ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉండొచ్చు. అందులో ఎంత ఖాళీ ఉన్నా, ఒక్కో ఫైలు 4 జీబీ లోపే ఉండాలి. డిస్క్‌ను నేరుగా కంప్యూటర్‌కు పెట్టి, రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. ఫైల్ సిస్టమ్ ఎదురుగా ఫ్యాట్32 అని ఉంటే దొంగ దొరికినట్టే. ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు మార్చాలి. రౌటర్ దాన్ని చదవగలదో లేదో ముందు మాన్యువల్‌లో చూసుకోండి. ఫార్మాట్ చేస్తే ఉన్నదంతా పోతుంది కాబట్టి, ఫైళ్లన్నీ మరోచోటికి కాపీ చేశాకే ఆ పని మొదలుపెట్టండి.

ఇప్పటికే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఉండి, కాపీ సగంలో ఆగుతోందా? వైఫై ఆపి, ల్యాన్ కేబుల్‌తో ప్రయత్నించండి. మీది సముద్రతీరం, ఉప్పుగాలికి కేబుల్ పిన్నులు చిలుము పట్టాయేమో చూడండి. రౌటర్ యూఎస్‌బీ నుంచి డిస్క్‌కు కరెంటు చాలకపోయినా ఇలాగే తెగిపోతుంది. అప్పుడు సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ వాడాలి.

చివరగా ఒక మాట: కొత్త కాపీలో అప్పగింతల దాకా ఆడించి చూశాకే పాతది చెరపండి.