ఊరిపేరు మోయు ప్రాణులు

మనకు దాపున శేషాచలపు కొండలలోఁ గొత్తిమీర కుటుంబమునకుఁ జేరిన యొక చిన్న మొక్క గలదు. జనులు దానిని అడవికొత్తిమీర యందురు. వృక్షశాస్త్రజ్ఞులు ‘పింపినెల్లా తిరుపతియెన్సిస్’ అనిరి. లాటినులో ‘ఎన్సిస్’ అనఁగా ‘ఆ చోటికిఁ జెందినది’. స్వీడను దేశస్థుఁడగు లిన్నేయసు 1753లో మొక్కలకును, 1758లో జంతువులకును ఈ రెండుమాటల పేర్లను నెలకొల్పెను. తెలుగువారి పేర్లవలెనే ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనుక!

ఆ మొక్క ఆ కొండలదే కావున పేరు సార్థకము. అన్నియు నట్లుండవు. వానలు వెలిసిన పిమ్మట చెఱువుగట్టు పచ్చికపై అగ్గిపుల్లవలె సన్నని పసుపుపచ్చ తూనీఁగ వ్రాలి, ఱెక్కలను వీఁపుమీఁద మోడ్చుకొనుట చూచియుందురు. దాని పేరు ‘సెరియాగ్రియాన్ కోరమాండలియానమ్’. కోరమాండలనఁగా చోళమండలము, అనఁగా మన తూర్పుతీరము. 1798లో దీనిని వర్ణించిన ఫాబ్రీసియసు ఈ తీరమును జూచినవాఁడు కాఁడు. తూనీఁగయో, భారతదేశమున నెల్లెడలను, సింహళమునను గలదు.

గుత్తిసాలీని కథ మఱింత వింత. (సాలీడు కీటకము కాదు, దానికి కాళ్లు ఎనిమిది.) 1899లో ఆంగ్లేయుఁడగు పోకాకు, గుత్తిలో దొరికిన నీలవర్ణపు పెద్ద సాలీనిని వర్ణించి, లోహమువంటి దాని కాంతినిబట్టి ‘పీసిలోథీరియా మెటాలికా’ అని పేరిడెను. లోకవ్యవహారమున మాత్రము ఊరిపేరే నిలిచెను. మన పాకాలవలె గుత్తియు రైలుమార్గములు కలియు చోటు. సాలీడు దొరికినది అచ్చటి రైల్వేకలప నిలువలలో. పిమ్మట నూఱేండ్లకుఁ బైగా శాస్త్రజ్ఞుల కంటఁ బడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల నడిమి యడవిలోఁ జెట్లతొఱ్ఱలలో మరలఁ గానవచ్చెను. మొదటిది కలపతోఁ గూడ రైలెక్కి గుత్తి చేరినదని పండితుల యూహ. కావున పురుగులపెట్టెకుఁ జీటి యంటించు విద్యార్థి, పట్టిన యూరును తేదిని మాత్రమే కాక, చెట్టుమీఁదఁ బట్టెనో కట్టెలబండిలోఁ బట్టెనో కూడ వ్రాయవలెను.

పోకాకు శాస్త్రనామములోనే గుత్తిని జేర్చియుండినచో దిద్దుటకు వీలుండెడిది కాదు. చోటు తప్పినంతమాత్రమున పేరు మార్చుటకు నిబంధనలొప్పవు. మధ్యధరాసముద్ర ప్రాంతపు పూలమొక్క యొకదానికి లిన్నేయసు పెట్టిన ‘పెరూవియానా’ యను పేరు నేఁటికిని నిలిచియున్నది. అది పెరూదేశపు మొక్కయే కాదు.

గుత్తిసాలీడు అంతరించు ప్రమాదము మిక్కిలి తీవ్రముగాఁ గల ప్రాణులలో నొకటియని 2008లో నిర్ణయింపఁబడినది. గుత్తిలో దానికొఱకుఁ జేయు కాపుదల వ్యర్థము. కాపాడవలసినది నంద్యాల, గిద్దలూరుల నడుమ నూఱు చదరపు కిలోమీటర్లకు లోపైన యా యడవితునుకను.