వట్టివేరు పెంచుదాం

వట్టివేరు పేరు వినని వాళ్లు తక్కువ. తలనూనెలో వేస్తారు. బట్టల పెట్టెలో పెడతారు. తాగే నీళ్ల కుండలో చిన్న కట్ట వేస్తారు. ఉర్దూలో దీన్ని ఖస్ అంటారు. చార్మినార్ చుట్టుపక్కల అత్తరు దుకాణాల్లో ఖస్ అత్తరు అమ్ముతారు. కాని వట్టివేరు ఒక గడ్డికి వేరు అని చాలామందికి తెలియదు.

అవును, అది గడ్డే. దుబ్బుగా పెరుగుతుంది. ఆకులు సన్నగా, పొడవుగా ఉంటాయి. మనిషి ఎత్తు కూడా లేస్తాయి. గరిక లాగ నేలమీద పాకదు. నాటిన చోటే దుబ్బు కడుతుంది. చూడటానికి అందంగా ఉంటుంది. వాసన మాత్రం ఆకులో లేదు, వేరులోనే ఉంది.

దీని వేళ్లు పక్కలకు పెద్దగా పోవు. తిన్నగా కిందికి దిగుతాయి. నేల మెత్తగా ఉంటే రెండు మూడు మీటర్లు దిగుతాయి. అంటే మనిషి నిలబడితే మునిగేంత లోతు. పైన మట్టి ఎండి బీటలు వారినా లోపల కొంత తడి ఉంటుంది. ఆ తడిని ఈ వేళ్లు అందుకుంటాయి. అందుకే వానలు లేకపోయినా ఈ గడ్డి తొందరగా చావదు. ఎండాకాలం ఆకులు ఎండినట్టు కనబడతాయి. వాన పడితే మళ్లీ పచ్చగా లేస్తుంది.

కర్ణాటకలో మైసూరు వైపు గుండ్లుపేట అనే ఊరు ఉంది. అక్కడి రైతులు తరతరాలుగా పొలం గట్లమీద ఈ గడ్డి పెంచారు. పొలం హద్దు చెరగదు. వానకు మట్టి కొట్టుకుపోదు. 1980ల్లో ప్రపంచ బ్యాంకు వ్యవసాయ నిపుణులు వట్టివేరు గురించి దేశదేశాల్లో ప్రచారం చేశారు. 1993లో అమెరికాలో దీనిమీద ఒక పుస్తకమే అచ్చయింది. పెద్ద చదువుల వాళ్లు మన రైతుల దగ్గర నేర్చుకున్న పాఠం ఇది. ఇంగ్లీషులో దీని పేరు వెటివర్. ఆ మాట కూడా మన పక్కనున్న తమిళం నుంచే పోయింది.

పాతబస్తీలో పెద్ద వయసు వాళ్లను అడిగితే ఖస్ తట్టీల సంగతి చెబుతారు. వెదురు బద్దల చట్రంలో వేళ్లు పరిచి కట్టేవారు. దాన్ని తలుపుకు, కిటికీకి వేలాడదీసేవారు. మధ్యాహ్నం దానిమీద నీళ్లు చల్లేవారు. బయటి వడగాలి ఆ తడివేళ్ల సందుల్లోంచి వచ్చి లోపల చల్లగా, కమ్మగా వీచేది. ఈ పద్ధతి చాలా పాతది. చార్మినార్ కట్టింది 1591లో. ఇంచుమించు అదే కాలంలో అక్బరు దర్బారులో రాసిన అయినే అక్బరీలో కూడా ఖస్ తట్టీల మాట ఉంది.

ఇందులో మాయ ఏమీ లేదు. రంజన్‌లో నీళ్లు ఎందుకు చల్లబడతాయి? రంజన్ పైకి చెమర్చిన నీరు ఆవిరి అవుతుంది. అవుతూ అవుతూ వేడిని తీసుకుపోతుంది. తట్టీ కూడా అంతే. గాలి పొడిగా ఉంటేనే నీరు తొందరగా ఆవిరి అవుతుంది. కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో తట్టీ బాగా పనిచేస్తుంది. వానాకాలంలో గాలిలోనే తేమ ఉంటుంది. అప్పుడు తట్టీ తడిపితే ఇంట్లో చెమ్మ, బూజు తప్ప చల్లదనం రాదు. కూలరు సంగతీ ఇదే. కూలరు ఉన్న ఇంట్లో ఇంకో మాట గుర్తుంచుకోవాలి. దాని తొట్టిలో నీళ్లు వారానికి ఒకసారైనా పూర్తిగా పారబోసి, తొట్టి రుద్ది కడగాలి. లేకపోతే డెంగీ దోమ అందులోనే గుడ్లు పెడుతుంది.

ఇక పెంచే సంగతి. దీనికి గింజలు అక్కరలేదు. దక్షిణాదిలో పెంచే రకానికి మొలిచే గింజలు రావు. అది ఒకందుకు మంచిదే, కలుపులాగ ఊరంతా పాకదు. దుబ్బును చీల్చి పిలకలు నాటాలి. ఇక్కడ కొందరు పొరపాటు పడతారు. మూలికల దుకాణంలో ఎండువేరు కొని, మట్టిలో పెట్టి, రోజూ నీళ్లు పోసి ఎదురు చూస్తారు. అది ఎన్నటికీ మొలవదు. పచ్చి మొదలు ఉండాలి, దానికి రెండు మూడు పిలకలు ఉండాలి.

నర్సరీలో అడిగేటప్పుడు పేరు సరిగ్గా చెప్పాలి. నిమ్మగడ్డి కూడా చూడటానికి ఇలాగే ఉంటుంది. ఆకు నలిపి వాసన చూస్తే తెలిసిపోతుంది. నిమ్మ వాసన వస్తే అది వట్టివేరు కాదు. హైదరాబాదు శివారు బోడుప్పల్‌లో సీమ్యాప్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థకు పరిశోధన కేంద్రం ఉంది. మందు మొక్కలు, సువాసన మొక్కల మీద పనిచేసే సంస్థ అది. మంచి రకం గురించి అక్కడ అడగవచ్చు.

తొలకరి వానలు పడ్డాక, లాల్‌దర్వాజ బోనాల లోపు నాటితే మంచిది. పిలక ఆకులను జానెడు ఉంచి పైన కోసేయాలి. వేళ్లను బెత్తెడు ఉంచి కత్తిరించాలి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పేడ ఎరువు కలపాలి. డబ్బాకు వెడల్పు కన్నా లోతు ముఖ్యం. 20 లీటర్ల రంగుల డబ్బా సరిపోతుంది. అడుగున నాలుగు రంధ్రాలు చేయాలి. నీళ్లు నిలిచే చోట ఉంటే దోమలు, నీళ్లు పోయే దారి ఉంటే మొక్క.

ఎండ తగలాలి. పాతబస్తీ ఇరుకు గల్లీల్లో ఎండ దిగేది తక్కువ. కాబట్టి మిద్దె మీదే పెట్టుకోవాలి. అయితే తడిమట్టి బరువు చాలా ఎక్కువ. 20 లీటర్ల డబ్బా నిండితే 30 కిలోలు దాటుతుంది. రేకుల కప్పు మీద గాని, పాత సున్నపు మిద్దె నడుమ గాని పెట్టనే కూడదు. కింద గోడ ఉన్న చోట, అంచు వెంబడి ఒక్కొక్కటి దూరదూరంగా పెట్టాలి. కిందికి పడకుండా పిట్టగోడ లోపలే ఉంచాలి. పెద్ద డ్రమ్ముల జోలికి పోవద్దు.

నీళ్ల దగ్గరే అసలు తగువు వస్తుంది. నల్లా రోజూ రాదు. వచ్చినప్పుడు బిందెల వరుస. అలాంటి ఇంట్లో కోడలు గడ్డికి నీళ్లు పోస్తుంటే అత్తకు కోపం రాదా?

"పిల్లలు తాగనీకే నీళ్లు చాలుతలేవు. గడ్డికి పోస్తవా?" అంటుంది అత్త.

"మంచినీళ్లు కాదు అత్తమ్మా. బియ్యం కడిగిన నీళ్లు. మోరీల పారబోసేటియే కదా" అంటుంది కోడలు.

"ఎన్ని దినాలు పొయ్యాలె?"

"ఆరు వారాలు రోజూ పొయ్యాలె. వేరు పట్టినంక రోజూ అక్కరలేదు."

కోడలు చెప్పింది నిజం. కొత్తగా నాటిన పిలకకు లోతు వేరు ఉండదు. మొదటి ఆరు వారాలు మట్టి ఎండకూడదు. వాన పడని రోజు ఒక చెంబెడు పోయాలి. బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్లు చక్కగా పనికివస్తాయి. సబ్బు ఎక్కువున్న నీళ్లు, బ్లీచింగు కలిసిన నీళ్లు వద్దు. తరువాత వానాకాలం, చలికాలం వారానికి ఒకటి రెండుసార్లు చాలు.

అయితే డబ్బాలో పెరిగే గడ్డి పొలం గట్టుమీది గడ్డి అంత మొండిది కాదు. వేరు కిందికి దిగుదామంటే డబ్బా అడుగు అడ్డం వస్తుంది. అందుకని మే నెలలో రెండు మూడు రోజులకు ఒకసారి నీళ్లు పోయాలి.

ఏడాదికి రెండు మూడుసార్లు ఆకులను మూరెడు ఎత్తుకు కోయాలి. కోస్తే పక్కన కొత్త పిలకలు వస్తాయి. ఆకు అంచు కోసుకుంటుంది. చేతికి గుడ్డ చుట్టుకోవాలి. కోసిన ఆకును మట్టిమీద పరిస్తే తడి ఆరదు. మేకలు లేత ఆకును వదలవు, బస్తీలో మేకలకు కొదవ లేదు. మిద్దె మెట్ల తలుపు వేసి ఉంచాలి.

మురికి కాలువ పక్కన, మోరీ నీళ్లలో కూడా ఈ గడ్డి పెరుగుతుంది. మురుగును తట్టుకోవడమే కాదు, అందులోని చెడును వేళ్లు పీల్చుకుంటాయి. అందుకే 2018లో హైదరాబాదు నెక్నాంపూర్ చెరువులో తేలే తెప్పల మీద వట్టివేరు, ఇంకా కొన్ని రకాల మొక్కలు పెంచారు. చెరువు నీరు బాగుచేయడానికి అది మంచి పని. కాని అలాంటి చోట పెరిగిన వేరును తాగే నీళ్లలో మాత్రం వేయకూడదు.

డబ్బు సంగతి కూడా తెలుసుకోవాలి. "నాలుగు డబ్బాల్లో పెంచండి, వేలు సంపాదించండి" అని ఎవరైనా చెబితే నమ్మి అప్పు చేయవద్దు. నూనె తీయాలంటే పొలాల కొద్దీ పంట కావాలి, బట్టీ కావాలి. ఒక డబ్బాలో వచ్చేది గుప్పెడు వేరు. తలుపు తట్టీకి కిలోల కొద్దీ కావాలి. ఇంటి వేరు రంజన్‌లోకి, బట్టల పెట్టెలోకి, చిన్న విసనకర్రకు సరిపోతుంది.

పొదుపు సంఘం ఆడవాళ్లు వేరు కొని విసనకర్రలు, దండలు చేసి అమ్మాలనుకుంటే ముందు పది చేసి అమ్మి చూడాలి. వేరు ఖర్చు, దారం ఖర్చు, ఆటో కిరాయి, తమ కూలి కాగితం మీద రాసుకోవాలి. కూలి రాయడమే చాలామంది మరిచిపోతారు. కూలి కలిపితే లాభమో నష్టమో అప్పుడు తేలుతుంది.

వేరు తీయడానికి ఏడాదిన్నర ఆగాలి. డబ్బా మీద నాటిన తేదీ రంగుతో రాసి పెట్టుకోవాలి. బోనాలప్పుడు నాటితే, ఒక సంక్రాంతి వదిలి రెండో సంక్రాంతి తరువాత తీయవచ్చు. డబ్బాను వంచి దుబ్బును బయటికి లాగాలి. మట్టి కడగాలి. వేళ్లను మొదలు దగ్గర బెత్తెడు వదిలి కోయాలి. కడిగిన వేళ్లను నీడలో ఆరబెట్టాలి. మండే ఎండలో పెడితే వాసన పోతుంది. మిగిలిన మొదలును చీల్చి పిలకలను ఆ రోజే మళ్లీ నాటాలి, ఎక్కువైనవి పక్కింటికి ఇవ్వాలి.

చదివి చెప్పండి:
దుకాణంలో కొన్న ఎండువేరు ఎందుకు మొలవదు?
వానాకాలంలో ఖస్ తట్టీ ఎందుకు చల్లదనం ఇవ్వదు?
ఒక డబ్బాకు రోజుకు ఒక చెంబు నీళ్లు. మూడు డబ్బాలకు ఆరు వారాల్లో ఎన్ని చెంబులు? లెక్క కట్టండి.