నడుము ఎందుకు పట్టేస్తుంది?



ట్రంకు పెట్టె మీద పుస్తకం పెట్టుకొని, నేల మీద కూర్చొని గంటల తరబడి వంగి చదివి లేచేసరికి నడుము పట్టేయడం హాస్టల్లో మనందరికీ అనుభవమే. నాట్ల రోజుల్లో ఇంట్లో అమ్మ కూడా నడుము పట్టుకొనే లేస్తుంది. ఈ రెండు నొప్పులకూ మూలం చాలావరకు ఒక్కటే.

మన వెన్నెముకలో 33 పూసలుంటాయి. అడుగువి కలిసిపోగా పైన 24 కదులుతాయి. వాటిని నిలబెట్టేవి కండరాలు. ఎక్కువసేపు వంగి ఉన్నా, నీళ్ల బకెట్టును మెలితిరిగి ఎత్తినా కండరాలు దెబ్బతింటాయి. అప్పుడు అవి వాటంతటవే బిగుసుకుపోతాయి. దాన్నే పట్టేయడం అంటాం.

ఇతర కారణాలు

1. పూసల మధ్య డిస్కు ఉబ్బి నరాన్ని నొక్కితే పిరుదు నుంచి కాలిలోకి నొప్పి లాగుతుంది. ఇదే సయాటికా.

2. నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు ఏళ్ల తరబడి తాగి, వెన్ను బిగుసుకుపోయినవారు ఉన్నారు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు.

3. క్షయ ఊపిరితిత్తులకే కాదు, వెన్నుపూసలకూ వస్తుంది. పెర్సివల్ పాట్ అనే ఇంగ్లండు వైద్యుడు 1779లోనే ఈ వెన్ను జబ్బును వర్ణించాడు.

ఈ మూడోది మేము ఇంట్లోనే చూశాం. మా నాన్న నెలల తరబడి ఊళ్లో నొప్పి సూది వేయించుకొని హమాలీకి వెళ్లేవాడు. సాయంత్రం జ్వరం వచ్చేది, మనిషి చిక్కిపోయాడు. మూటలు మోసే నడుము నొప్పే కదా అనుకున్నాం. డిగ్రీ చదువుతున్న మేమూ అడగలేదు. చివరికి పరీక్షలు చేస్తే క్షయ అని తేలింది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇచ్చిన మందులు పూర్తిగా వాడాడు. ఇప్పుడు నడుస్తున్నాడు, మూటలు మాత్రం ఎత్తలేడు.

ఏం చేయాలి?

మామూలు నొప్పి చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. మంచం పట్టకుండా మెల్లగా నడవాలి, వేడి కాపడం పెట్టాలి. అరగంటకోసారి లేవాలి. బరువును మోకాళ్లు వంచి, ఒంటికి దగ్గరగా పట్టుకొని ఎత్తాలి. నొప్పి బిళ్లలు సొంతంగా రోజూ మింగితే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు.

నొప్పితోపాటు జ్వరం, బరువు తగ్గడం ఉంటే వెంటనే డాక్టరుకు చూపించాలి. కాళ్లలో బలం తగ్గినా, మలమూత్రాలపై అదుపు తప్పినా ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

ఈసారి సెలవులకు ఇంటికెళ్లినప్పుడు అమ్మానాన్నలను ఒక్క మాట అడుగుదాం: "నడుము నొప్పి ఎన్నాళ్ల నుంచి?" మేము ఆలస్యంగా అడిగాం. మీరు ముందే అడగండి.